ఏడో తరగతి తెలుగుకి ఇంటిపని ఏం ఇవ్వాలి? అందరూ గైడు చూసి రాసుకొస్తుంటే ఏం చెయ్యాలి?

టీచర్ గారూ, మీ ప్రశ్న చదివాను. తక్కినవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మీరు కోనసీమలో ముమ్మిడివరం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఈ ఏడాదే చేరారు. ఏడో తరగతిలో నలభై మంది దాకా ఉన్నారు. ప్రశ్నలు రాసుకు రమ్మంటే అందరూ ఒకే గైడులోంచి ఒకే జవాబు దించేస్తున్నారు. పాఠం గడగడా చదువుతారు గానీ, ఇందులో ఏం చెప్పాడ్రా అంటే బల్ల కేసి చూస్తారు. ఎలాంటి చదివే పని, రాసే పని ఇవ్వాలి, ఇన్ని పుస్తకాలు ఎప్పుడు దిద్దాలి అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇంటికి చదివే పని, అడిగి తెలుసుకునే పని ఇవ్వండి. రాయించడం మాత్రం తరగతిలో, మీ కళ్ళముందు చేయించండి. రాయమని ఇచ్చే ప్రశ్నకి సగం జవాబు పాఠంలో ఉండాలి, సగం ఆ పిల్లవాడి ఇంట్లో ఉండాలి. దిద్దేటప్పుడు ఒక విడతకి ఒకే రకం తప్పు పట్టుకోండి. ఇవి కుదిరితే గైడు దానంతట అదే సంచిలో ఉండిపోతుంది.

నేను గోదావరి పాయ వశిష్ఠకి రెండు వైపులా పాఠాలు చెప్పాను. కొన్నేళ్ళు నరసాపురంలో, అంతకంటే ఎక్కువేళ్ళు సఖినేటిపల్లి, రాజోలు వైపు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులే ఎక్కువగా నా చేతికి వచ్చాయి. కాబట్టి కింద చెప్పేదంతా మన డెల్టా బడులకి సరిపోతుంది. పట్నంలో ఇంటినిండా పుస్తకాలున్న పిల్లలకి వేరేగా ఆలోచించాలేమో.

రాయడం ఇంటికి ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్తాను. మన పిల్లల ఇళ్ళల్లో సాయంత్రం ఎలా ఉంటుందో మీకూ తెలుసు. నాన్న చెరువుల మీద కాపలాకి వెళ్తాడు. అమ్మ రొయ్యల షెడ్డు నుంచి చీకటి పడ్డాక వస్తుంది. అమ్మ కువైట్‌లో ఉంటే అమ్మమ్మే చూసుకుంటుంది. పక్కన కూర్చుని "ఇది ఇలా రాయమ్మా" అనేవాళ్ళు ఉండరు. ఉండేదల్లా ట్యూషను, గైడు, ఇప్పుడైతే ఫోను. ఫోన్లో ప్రశ్న పెడితే వ్యాసం మొత్తం వచ్చేస్తోంది. పిల్లవాడు దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకొస్తాడు. అది చూచిరాత. దానికి మార్కులు వేస్తే చూచిరాతకే మార్కులు వేసినట్టు.

అసలు రాయడంలో కష్టమంతా ఒక్కచోట ఉంటుంది. మొదటి వాక్యం రాసేసి, పెన్ను నోట్లో పెట్టుకుని, తర్వాత ఏం రాయాలో తోచక కూర్చుంటాడు చూశారా, అక్కడ. ఆ క్షణంలో మనం పక్కన ఉండి ఒక చిన్న ప్రశ్న వేస్తే రెండో వాక్యం వస్తుంది. ఇంట్లో ఆ క్షణానికి పక్కన గైడు ఉంటుంది. అందుకే ఆ పని బడిలోనే జరగాలని ఇంత పట్టుగా చెప్తున్నాను. వారంలో రెండు పీరియడ్లు రాతకి కేటాయించండి. పాఠాలు వెనకబడతాయని భయపడకండి. పిల్లలు ఇంట్లో చదువుకొస్తే పాఠం వివరించడానికి పట్టే సమయం తగ్గుతుంది, ఆ మిగిలిన సమయమే ఇది.

చదివే పని సంగతి. గడగడా చదవడం తప్పేమీ కాదు, అక్షరాలు పట్టుబడ్డాయన్నమాట. ఆ వేగంలో వాక్యం ఎక్కడ మొదలైందో, ఎవరు ఎవరితో అంటున్నారో వాళ్ళ చెవిన పడదు. నేను చేసేది ఇది. కొత్త పాఠంలో మొదటి పేజీ నేనే పైకి చదువుతాను, మెల్లగా, మాటలు మాట్లాడుతున్నట్టుగా. కథ మలుపు తిరిగే చోట పుస్తకం మూయించేస్తాను. తర్వాత ఏం జరుగుతుందో ఒక్క వాక్యం రాయమంటాను. సరైన ఊహ, తప్పు ఊహ అని చూడను. "అలా ఎందుకనుకున్నావు, ఏ మాట చూసి అనుకున్నావు?" అని మాత్రం అడుగుతాను. మిగతా పాఠం ఇంటికి. రేపు వచ్చేసరికి నీ ఊహ ఎక్కడ నిజమైందో, ఎక్కడ కాలేదో పెన్సిలుతో గీత గీసుకు రమ్మంటాను. ఈ గీత చాలా ముఖ్యం. గీత గీయాలంటే వెతకాలి, వెతకాలంటే అర్థం చేసుకుంటూ చదవాలి. పుస్తకం పాడవుతుందని కొందరు తల్లిదండ్రులు అంటారు. పెన్సిలే కదా, తర్వాత చెరిపేయొచ్చని చెప్పండి.

తరగతిలో ఏ జవాబు చెప్పినా "ఏ వాక్యం చూసి చెప్పావు?" అని అడగడం అలవాటు చెయ్యండి. మొదటి నెల విసుగ్గానే ఉంటుంది. తర్వాత మీరు అడక్కుండానే వేలు పెట్టి చూపిస్తారు. అప్పటినుంచీ పాఠం వాళ్ళది.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించండి. అందులో చదివినదాని సారాంశం అడగొద్దు. సారాంశం అడిగితే మళ్ళీ గైడే. చదివినదాంట్లో నచ్చిన ఒక వాక్యం ఉన్నదున్నట్టు ఎక్కించి, అది ఎందుకు నచ్చిందో ఒక వాక్యం రాసి, రేపు తరగతిలో అడగడానికి ఒక ప్రశ్న రాసుకు రావాలి. అంతే, మూడు వాక్యాలు. ఇంటికి నేనిచ్చే రాత ఇదొక్కటే. బడి లైబ్రరీ పుస్తకమైనా, పాత పేపరైనా, గుళ్ళో ఇచ్చిన కరపత్రమైనా సరే. పిల్లల చేత పుస్తకాలు చదివించే "చదవడం మాకిష్టం" కార్యక్రమం వచ్చినప్పుడు మన బడులకి వచ్చిన కథల పుస్తకాలు చాలాచోట్ల ఇంకా బీరువాలోనే ఉంటాయి. తాళం మీరు తీసుకోండి. పుస్తకాలు చిరిగిపోతే చిరిగిపోయాయి. చిరిగిందంటే ఎవరో చదివారన్నమాట.

పాఠ్యపుస్తకం ఒక్కటే చదివిస్తే చాలదు. మన పిల్లలు రేపు చదవాల్సింది కథలు, పద్యాలే కాదు. అందుకని వానాకాలంలో తప్పనిసరిగా చేయించే పని ఒకటి చెప్తాను. జులై, ఆగస్టుల్లో గోదావరి పెరిగినప్పుడు పేపర్లో జిల్లా పేజీ తెప్పిస్తాను. "ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 13.75 అడుగులకు చేరడంతో రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అనే ధోరణిలో ఉంటుంది వార్త. పైకి చదివిస్తే తప్పు లేకుండా చదువుతారు. లోతట్టు ప్రాంతం అంటే ఏమిటని అడిగితే "అదేంటి మేడమ్" అంటారు, వాళ్ళుండేది అక్కడే అయినా.

అప్పుడు బోర్డు మీద అంకెలు రాస్తాను. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ప్రవాహంలో చెప్తే వరసగా 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు). ఈ లెక్కల మీద ఒకే ప్రశ్న: "మీ వీధిలోకి ఏ హెచ్చరికకి నీళ్ళొస్తాయి? ఇంట్లో అడిగి రండి." మర్నాడు చూడండి తరగతి ఎలా ఉంటుందో. లంక నుంచి వచ్చే ఓ పిల్ల "మా కాజ్‌వే మొదటి హెచ్చరికకే మునిగిపోద్దండి, రెండోదానికి పడవే" అంది. గట్టు లోపలున్న ఊరి కుర్రాడు "మాకు మూడోదైనా రావండి, గట్టు తెగితేనే" అన్నాడు. ఆ ఇద్దరి మాటలతో లోతట్టు అనే మాటకి నేను అర్థం చెప్పాల్సిన పనే లేకపోయింది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిందని, 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చిందని చెప్తే వాళ్ళే లెక్కలు వేసుకుని "అమ్మో" అన్నారు. పేపర్లో కనపడే అంకె తమ ఇంటి గుమ్మం దాకా వస్తుందని తెలిశాక ఆ వార్తని వాళ్ళు చదివే తీరే మారిపోతుంది.

దాని తర్వాత రాసే పని: "ఆ వార్త చదివి, మీ వీధిలో చదువురాని ముసలమ్మకి వినిపించేలా ఐదు వాక్యాల్లో హెచ్చరిక రాయండి." ఇది గైడులో ఉండదు. జలదిగ్బంధం, ఉద్ధృతి లాంటి మాటలన్నీ వాళ్ళంతట వాళ్ళే మార్చుకుంటారు. పేపరు భాషని ఇంటి భాషలోకి దించడం ఎంత కష్టమైన పనో, ఎంత మంచి చదువో నాకు ఈ అభ్యాసంలోనే బాగా తెలిసింది.

రాసే ప్రశ్న ఎలా ఉండాలి. ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ఇబ్బందికి మూలం ఇదే. చెట్ల గురించిన పాఠం అయ్యాక "చెట్ల వల్ల ఉపయోగాలు రాయండి" అని ఇస్తాం. ఏడో తరగతిలో ఒక కుర్రాడు ఇలా రాశాడు:

"కొబ్బరి చెట్టు మనకు ఎంతో మేలు చేస్తుంది. దీనిని కల్పవృక్షం అంటారు. కొబ్బరి నీళ్ళు ఆరోగ్యానికి మంచివి. కాబట్టి మనం చెట్లను పెంచాలి."

ఒక్క తప్పు లేదు. పదికి ఎనిమిదో తొమ్మిదో వేసేయొచ్చు. కానీ వాళ్ళ నాన్న కొబ్బరి దింపు తీసే మనిషి. కొబ్బరి చెట్టు గురించి ఆ తరగతిలో నాతో సహా ఎవరికీ తెలియనిది వాడికి తెలుసు. అందులో ఒక్క మాటైనా కాగితం మీదకి రాలేదు. పక్కన కూర్చుని అడిగాను: దింపుకెళ్ళే రోజు మీ నాన్న ఇంట్లోంచి ఏం పట్టుకెళ్తాడు? వెళ్ళేముందు ఏం తింటాడు? ఆ రోజు మీ అమ్మ ఏం చేస్తుంది? పాఠంలో "చెట్టు అన్నం పెడుతుంది" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంది. దాని కింద గీత గీయించి, ఇది మీ ఇంట్లో నిజమేనా అన్నాను. ఆ పీరియడు అయ్యేసరికి వాడు రాసింది ఇది:

"మా నాన్న దింపుకెళ్ళే రోజు అన్నం తినడు. టీ తాగి వెళ్తాడు. కడుపు నిండితే ఎక్కలేం అంటాడు. కత్తి నడుముకి వెనకాల పెట్టుకుంటాడు. వానల్లో చెట్టు జారుద్ది. ఆ రోజు మా అమ్మ గుమ్మంలోనే ఉంటాది. నాన్న సైకిలు చప్పుడు వినపడితే లోపలికెళ్ళి అన్నం పెడతాది. చెట్టు అన్నం పెడుతుంది అని పుస్తకంలో ఉంది. మా నాన్న ఎక్కితేనే పెడుతుంది."

చివరి రెండు వాక్యాలు చూడండి. పాఠంలో ఉన్న మాటని తీసుకుని, తన ఇంటితో పోల్చి చూసి, దాంతో వాదన పెట్టుకున్నాడు. పాఠ్యపుస్తకంలో "అవగాహన - ప్రతిస్పందన" అని శీర్షిక పెట్టి మనల్ని సాధించమన్నది ఇదే. ఉపయోగాలు రాయమన్నప్పుడు వాడు ఆ పాఠాన్ని నిజంగా చదవలేదు, నాన్న గురించి రాసేటప్పుడు చదివాడు.

అలాంటి ప్రశ్న తయారు చెయ్యడం కష్టం కాదు. పాఠంలోంచి ఒక వాక్యమో, ఒక పాత్ర చేసిన పనో తీసుకోండి. "ఇది మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, ఎలా చెప్పగలవు?" అని అడగండి. పెద్ద విషయం అడగొద్దు, ఒక మనిషి, ఒక రోజు, ఒక పని అడగండి. "మా ఊరు" అని వ్యాసం ఇస్తే "మా ఊరు చాలా అందమైనది, మా ఊరిలో గుడి, బడి కలవు" అనే వస్తుంది. "రేవు దగ్గర పంటు కోసం ఎదురుచూసేటప్పుడు ఏం వినపడుతుంది?" అని (పంటు అంటే ఏరు దాటించే పెద్ద పడవ) అడిగితే ఎవరి జవాబు వారిదే. సంక్రాంతి సెలవులయ్యాక "సంక్రాంతి పండుగ" అనే వ్యాసం ఎప్పుడూ రాయించకండి, దయచేసి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళొచ్చిన పిల్లల్ని, ప్రభని (దేవుడి కోసం వెదురుతో కట్టి అలంకరించే పెద్ద చట్రం) చేలకి అడ్డంపడి భుజాల మీద ఎలా మోస్తారో, కాలవ ఎలా దాటిస్తారో అది ఒక్కటే రాయమనండి. ప్రభ మోసినవాడు తరగతిలో ఒక్కడైనా ఉంటాడు, కనీసం వాడి అన్నయ్య అయినా ఉంటాడు.

లేఖలు కూడా అంతే. "మీ మిత్రునికి విహారయాత్ర గురించి లేఖ రాయండి" అంటే లేని యాత్ర, లేని మిత్రుడు. నిజంగా పంపే ఉత్తరం రాయించండి. రేవు మెట్లు విరిగిపోయాయని సర్పంచ్ గారికి, బడి కొళాయి సంగతి హెడ్మాస్టరు గారికి, గల్ఫ్‌లో ఉన్న అమ్మకి. ఉత్తరం అందుకునే మనిషి నిజంగా ఉంటే సంబోధన ఎలా రాయాలి, ఎక్కడ "గారు" పెట్టాలి, తేదీ ఎందుకు వెయ్యాలి అనేవి పిల్లలే అడిగి తెలుసుకుంటారు. అమ్మకి రాసే ఉత్తరాలు మాత్రం మీరు తరగతిలో పైకి చదివించకండి. వాటికి మార్కులూ వద్దు.

పైన ఆ కుర్రాడు రాసినదాంట్లో "జారుద్ది", "ఉంటాది" అని ఉన్నాయి కదా, వాటిని దిద్దాలా వద్దా అని మీకు సందేహం వచ్చే ఉంటుంది. నా పద్ధతి ఇది. మనుషులు మాట్లాడిన మాటలు కొటేషన్లలో ఎలా మాట్లాడితే అలాగే ఉంచమంటాను. "ఏటండీ ఇంత పొద్దుపోయింది" అని అమ్మ అంటే అలాగే రాయాలి. రాసేవాడు తానుగా చెప్పే వాక్యాల్లో మాత్రం పేపర్లో, పాఠంలో కనపడే రూపం నేర్చుకోవాలి: జారుతుంది, ఉంటుంది, చేస్తున్నాడు. పరీక్షలోనూ, రేపు అర్జీ రాసినప్పుడూ అది అవసరం. అయితే మొదటి ప్రతిలో దాని జోలికి పోను. మొదటి ప్రతిలోనే భాష పట్టుకుంటే వాళ్ళమ్మ గుమ్మంలోంచి వెళ్ళిపోతుంది, కల్పవృక్షం మళ్ళీ వచ్చేస్తుంది. రెండోసారి ఎత్తి రాసేటప్పుడు "నువ్వు చెప్పేవి ఏవి, అమ్మా నాన్నా అన్నవి ఏవి" అని వాడితోనే వేరు చేయిస్తాను. మన గోదావరి మాట తప్పు మాట అని మాత్రం పిల్లలకి ఎప్పుడూ చెప్పకండి. ఆ ఒక్కమాటతో నోరు మూసుకున్న పిల్లల్ని చూశాను, మళ్ళీ తెరిపించడం చాలా కష్టం.

ఏడో తరగతికి వచ్చినా గుణింతాలు రాని పిల్లలు మీ నలభై మందిలో ఐదారుగురైనా ఉంటారు. మీరు రాయకపోయినా ఉంటారు. వాళ్ళకి విడిగా అ, ఆలు దిద్దించుకుంటూ కూర్చోబెడితే సిగ్గుపడి బడి మానేస్తారు. నరసాపురంలో ఒక పిల్ల ఉండేది, వాళ్ళమ్మ లేసు అల్లేది. పేరు తప్ప ఏమీ రాయదు, కానీ మాటలు బ్రహ్మాండంగా చెప్పేది. లేసు గురించి చెప్పమన్నాను. తను చెప్తుంటే నేను రాశాను, తన మాటల్లోనే: "మా అమ్మ టీవీ చూస్తా అల్లుద్ది. చెయ్యి చూడదు. దారం అయిపోతే అప్పుడు చూస్తాది." ఆ మూడు వాక్యాలూ తనతో చదివించాను. తన నోట్లోంచి వచ్చిన మాటలే కాబట్టి ఏ అక్షరం దేనికో ఊహించి పట్టుకోగలిగింది. మర్నాడు అవే చూసి ఎక్కించింది, ఆ తర్వాత చూడకుండా రాసింది. దారం అనే మాటలోంచి దా, ర, అవి తెలిశాక దూరం, దొర. అక్షరాలు అలా వచ్చాయి, మెల్లగా వచ్చాయి, కానీ వచ్చాయి. మీకు సమయం లేకపోతే బాగా రాసే పిల్లని పక్కన కూర్చోబెట్టి రాయించండి. రాసే పిల్లకి కూడా అది మంచి ఉక్తలేఖనమే.

ఇక దిద్దడం. నలభై పుస్తకాలూ ఒక్కరోజు తీసుకోకండి. రోజుకి ఒక వరస చొప్పున తీసుకుంటే వారానికి అందరివీ అవుతాయి. పేజీ నిండా ఎర్రసిరా పొయ్యకండి. తప్పులన్నీ దిద్దిన పుస్తకం పిల్లవాడు చదవడు, మార్కు చూసి మూసేస్తాడు. నేను వారానికి ఒకటే పెట్టుకుంటాను: ఈ వారం దీర్ఘాలు, వచ్చే వారం ఒత్తులు, ఆ పై వారం వాక్యం ఎక్కడ ఆపాలి. అది పేజీ పైన పిల్లలతోనే రాయిస్తాను. ఎవరైనా తనిఖీకి వచ్చి "ఇదేంటి, ఇన్ని తప్పులు వదిలేశారు" అంటే ఆ పై వరుస చూపించొచ్చు. తప్పున్న మాట నేను దిద్దను. ఆ వరుస చివర మార్జిన్‌లో చిన్న చుక్క పెడతాను. ఈ వరుసలో ఒక దీర్ఘం పోయింది, వెతుక్కో అని దానర్థం. వెతికి దిద్దుకున్నాకే పుస్తకం మళ్ళీ చూస్తాను. శ, ష, స తేడాలూ, ణ, ళ లూ అన్నిటికంటే చివర పెట్టుకోండి. చదివే కొద్దీ అవి కంటికి అలవాటవుతాయి, దిద్దితే రావు.

పేజీ కింద "గుడ్" అని రాయడం మానేసి ఒక ప్రశ్న రాయండి. "అమ్మ గుమ్మంలో నిలబడి ఏం చూస్తుంది?" లాంటిది. దానికి జవాబు రెండో ప్రతిలోకి వస్తుంది. రెండో ప్రతి అన్నిటికీ రాయించకండి, నెలకి ఒకటి చాలు. ఏది ఎత్తి రాయాలో పిల్లల్నే ఎంచుకోనివ్వండి. మీ చేతికి రాకముందు పక్కవాడికి పైకి చదివి వినిపించాలని నియమం పెట్టండి. పోయిన మాటలు, సగంలో ఆగిన వాక్యాలు సగానికి సగం అక్కడే దొరికిపోతాయి. వినేవాడు ఒక్కటే చెప్పాలి: నాకు ఎక్కడ అర్థం కాలేదు.

మార్కుల గురించి కూడా అడిగారు. ఫార్మేటివ్‌లో (ఏడాది మధ్యమధ్యలో చేసే మూల్యాంకనం) లఘు పరీక్ష, అంటే చిన్న రాతపరీక్ష, ఒక్కటే లేదు. పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు అని విడిగా మార్కులున్నాయి. పైన చెప్పినవన్నీ వాటి కిందకే వస్తాయి, కొత్తగా రిజిస్టరు పెట్టక్కర్లేదు. మూడు వాక్యాల నోటుపుస్తకం భాగస్వామ్యానికి, తరగతిలో రాసినవి రాత పనులకి సరిపోతాయి. లఘు పరీక్షకి, సమ్మేటివ్‌ అనే పెద్ద పరీక్షకి పాఠం ప్రశ్నలు రావాలి కాబట్టి పరీక్ష ముందు వారం వాటికి ఇవ్వండి. సొంతంగా రాయడం అలవాటైన పిల్లలు ఆ జవాబులు త్వరగానే పట్టేస్తారు.

ప్రాజెక్టు పనికి ఒకటి గట్టిగా సిఫారసు చేస్తాను. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయడం. కోనసీమలో ఆ రాత్రి గుర్తున్నవాళ్ళు లేని ఇల్లు ఉండదు. పిల్లలకి అది పుట్టక ముందు మాట. "తుఫాను గురించి చెప్పమ్మమ్మా" అని అడిగితే "పెద్ద గాలొచ్చిందిరా" అని ఊరుకుంటారు. అందుకని ప్రశ్నలు ముందే తరగతిలో తయారు చేయించండి. ఆ సాయంత్రం ఏం వండుకున్నారు? ఎవరింట్లో తలదాచుకున్నారు? దీపం ఎప్పుడు ఆరిపోయింది? తెల్లారి తలుపు తీస్తే మొదట ఏం కనపడింది? మళ్ళీ కొబ్బరి కాపు ఎన్నేళ్ళకి వచ్చింది? ఇంత చిన్న ప్రశ్నలకి ఎంత పెద్ద జవాబులు వస్తాయో మీరే చూస్తారు. ఒక తాతగారు ఒకలా, పక్కింటావిడ ఇంకోలా చెప్తారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో చూడమనండి, ఎనిమిదో తరగతి అయితే తప్పకుండా. కానీ ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు. పెద్దవాళ్ళు చెప్పనంటే అడగొద్దని, బదులుగా 1986 వరదో, మొదటిసారి ఊళ్ళోకి కరెంటు వచ్చిన రోజో అడగొచ్చని ముందే చెప్పండి.

పద్యాలు, వ్యాకరణం గురించి పెద్దగా చెప్పను. పద్యం ముందు రాగంతో నోటికి రానివ్వండి, ప్రతిపదార్థం తర్వాత. భావం రాయమనే బదులు "ఈ పద్యం ఎవరికి, ఏ సందర్భంలో చెప్తావు?" అని అడగండి. సంధులు, సమాసాలు పిల్లలు రాసిన వాక్యాల్లోంచే ఏరి చూపించండి, దొరుకుతాయి.

గైడులు తేవద్దని నిషేధం పెట్టనా అని చివర్లో అడిగారు. వద్దండి. నిషేధిస్తే సంచి అడుగున పెట్టుకుంటారు. బల్ల మీదే పెట్టుకోనివ్వండి. గైడులో జవాబు పైకి చదివించి, ఇందులో ఏ వాక్యం పాఠంలోంచి వచ్చింది, ఏది వాళ్ళు కలిపారు, ఏది మనకి పనికిరాదు అని పెన్సిలుతో గీయించండి. సోమవారం దీంతోనే మొదలుపెట్టండి, అదీ ఒక చదివే పనే. రాత పీరియడు బుధవారం పెట్టుకోండి. మొదటి రోజు ఐదు వాక్యాలకి మించి అడగొద్దు, మీరు మాత్రం కుర్చీలో కూర్చోకుండా బల్లల మధ్యే తిరగండి. నెల తర్వాత ఎలా ఉందో ఇక్కడే రాయండి. ఆరో తరగతి వాళ్ళకి ఎలా మార్చుకోవాలో అప్పుడు చెప్తాను.